ప్రతి శుక్రవారం రైలెక్కేస్తున్నాను... చదువు మానేయమంటారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మందస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. అమ్మ పలాసలో జీడి పిక్కల ఫ్యాక్టరీకి పనికి వెళ్తుంది. నాన్న చెన్నైలో బిల్డింగ్ పనుల్లో ఉంటాడు. నాకు 18 ఏళ్లు. విజయనగరం శివార్లలో ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో బీటెక్ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్, ప్రోగ్రామింగ్ రెండూ పోయాయి. హాస్టల్ రూమ్‌లో మిగతా ముగ్గురూ వేరే జిల్లాల వాళ్లు. నేను మాట్లాడితే నా యాసను అనుకరించి నవ్వుకుంటారు. ఒక సీనియర్ అయితే మెస్‌లో అందరి ముందూ నిలబెట్టి ‘మీ ఊరి భాషలో ఏదైనా చెప్పు’ అంటుంది. అందుకే శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్ ఎగ్గొట్టి పలాస ప్యాసింజర్ ఎక్కేస్తాను. సోమవారం పొద్దున్న తిరిగి వస్తాను. దీనికి తోడు రీయింబర్స్‌మెంట్ డబ్బు పడలేదని, బకాయి కట్టకపోతే పరీక్ష రాయనివ్వమని ఆఫీసులో అన్నారు. మా బ్లాకులో కౌన్సెలింగ్ సెల్ అని ఒక బోర్డు ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చిదనుకుంటారని, ఇంటికి ఫోన్ చేస్తారని భయం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఒక్కోసారి అసలు నేనే లేకపోతే అమ్మకి ఈ ఫీజుల బాధైనా తప్పేది కదా అనిపిస్తుంది. టీసీ తీసుకుని పలాసలోనే డిగ్రీలో చేరిపోదామనుకుంటున్నాను. మీరేమంటారు? (పేరు వద్దు)

జవాబు: తల్లీ, చదువు, ఫీజు, యాస అన్నిటి గురించీ మాట్లాడుకుందాం. ముందు నీ ఉత్తరం చివర్లో రాసిన మాట సంగతి చూడాలి. ‘అసలు నేనే లేకపోతే’ అన్నావు. ఆ ఆలోచన ఎప్పుడో ఒకసారి వచ్చి పోతోందా, రోజూ వస్తోందా, ఏదైనా చేసుకోవాలని కూడా అనిపిస్తోందా అన్నది నువ్వు రాయలేదు. అలా అనిపిస్తుంటే మాత్రం ఈ జవాబు పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్. రాత్రి రెండు గంటలకైనా పలుకుతుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేశాక పక్కన ఒక మనిషి ఉండేలా కూడా చూసుకో. రూమ్‌మేట్ అయినా, హాస్టల్ ఆయా అయినా, వార్డెన్ అయినా సరే. ‘నాకు బాగోలేదు, ఈ రాత్రి ఒంటరిగా ఉండలేను’ అని ఒక్క ముక్క చెప్తే చాలు, కారణాలన్నీ విప్పి చెప్పాల్సిన పని లేదు.

అంతదాకా రాలేదు, మనసు బరువెక్కినప్పుడు మాత్రమే అలా అనిపిస్తోంది అన్నా కూడా, నిద్ర పట్టకపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమ్మకి ఫీజు భారమే, కాదనను. అయితే ఫీజుకి గడువు అడగొచ్చు, వాయిదాలు అడగొచ్చు, స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగిందో వెతకొచ్చు. వాటిలో నువ్వింకా ఒక్కటీ మొదలుపెట్టలేదు.

ఇక ఆ బోర్డు ఉన్న గది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది నీలాంటి పిల్లలే. బ్యాక్‌లాగులు, నిద్ర పట్టకపోవడం, రూమ్‌లో గొడవలు, ప్రేమ వ్యవహారాలు, ఇంట్లో తగాదాలు. నేను చాలా కాలం అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌గా ఉన్నాను. కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చిన పిల్లల్ని చూసి ఎవరో ఏదో అనడం కన్నా, ‘ఎలా ఉందే, నన్ను కూడా తీసుకెళ్తావా’ అని గుసగుసగా అడగడమే ఎక్కువ చూశాను. ఇంటికి చెప్పేస్తారన్న భయం గురించి: మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. చికిత్స చేసే నిపుణులు నువ్వు చెప్పినవి గోప్యంగా ఉంచాలని అది చెప్తుంది. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనుకున్నప్పుడు మాత్రం అవసరమైనంత మేరకు చెప్పే వీలుంది. నీకు 18 నిండాయి. అయినా మొదటి రోజే మొహమాటం లేకుండా అడిగేయి: ‘నేను చెప్పినవి ఎవరికి చెప్తారు? మా డిపార్ట్‌మెంట్‌కి తెలుస్తుందా? ఇంటికి ఎప్పుడు ఫోన్ చేస్తారు?’ మంచి కౌన్సెలర్ అయితే ఈ ప్రశ్నలకి చికాకు పడరు. సరైన సమాధానం రాకపోతే లేచి వచ్చేయొచ్చు.

కొన్ని చోట్ల ఆ బోర్డు వెనక గది తాళం వేసి ఉంటుంది, లేదా పాఠాలు చెప్పే మాస్టారికే ఆ పని కూడా అంటగడతారు. కమిటీల పేర్లున్న కాగితాలు, కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చే ముందు కొత్తవి అతికిస్తారని అందరికీ తెలిసిందే. మీ దగ్గర కూడా అలాగే ఉంటే ఊరుకోనక్కర్లేదు. వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. ఆ కేసు పక్కనే విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణంతో మొదలైంది. క్యాంపస్‌లో ఎవరూ దొరకనంత మాత్రాన ఆగిపోవద్దు. విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఓపీ చీటీ రాయించుకుని, మానసిక వైద్యుల్ని కలవాలని చెప్పు. నిద్రకి మందు కావాలో వద్దో వాళ్లే చెప్పాలి. రూమ్‌లో ఎవరి దగ్గరో ఉన్న నిద్రమాత్ర తీసుకుని మింగకు.

ఇప్పుడు శుక్రవారం రైలు సంగతికి వస్తాను. నాకు అసలు చిక్కంతా అక్కడే కనబడుతోంది.

హాస్టల్లో మనుషులు ఒకరికొకరు పరిచయమయ్యేది సోమవారం నుంచి శుక్రవారం దాకా కాదు. ఆ రోజుల్లో అందరూ పరుగులోనే ఉంటారు. పొద్దున్నే స్నానాల గదుల దగ్గర క్యూ, టిఫిన్, క్లాసులు, రికార్డులు, మళ్లీ నిద్ర. పరిచయాలయ్యేది శని, ఆదివారాల్లో. బట్టలు ఉతుక్కుంటూ కబుర్లు చెప్పుకుంటారు. ఒకరి తలకి ఒకరు నూనె రాసుకుంటారు. ఆదివారం మెస్‌లో చికెన్ ముక్కలు తక్కువ పడ్డాయని అందరూ కలిసి తిట్టుకుంటారు. సాయంత్రం నలుగురూ ఒక ఆటో ఎక్కి గంటస్తంభం దాకా వెళ్లి చెప్పులో క్లిప్పులో కొనుక్కుని వస్తారు. రాత్రికి సోమవారం ఇవ్వాల్సిన అసైన్‌మెంట్ ఒకరిది చూసి ఒకరు రాసుకుంటారు. సరిగ్గా ఆ సమయానికి నువ్వు చీపురుపల్లి దాటేసి ఉంటున్నావు. ఒక సెమిస్టర్ గడిచిపోయింది, వాళ్ల ముగ్గురికీ కలిసి నవ్వుకోవడానికి బోలెడు సంగతులు పోగయ్యాయి, నీకు ఒక్కటీ లేదు. వాళ్లు నిన్ను వెలివేశారని నువ్వనుకుంటున్నావు. మేమంటే ఇష్టం లేక వారం వారం వెళ్లిపోతోందని వాళ్లు అనుకుంటూ ఉండొచ్చు. వాళ్ల నవ్వులో తప్పు లేదని కాదు, దాని గురించి కింద చెప్తాను. కానీ ఈ సగం కూడా నువ్వు చూడాలి.

ఇంకో సంగతి నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు గమనించినట్టు లేదు. ఎగ్గొడుతున్నది ల్యాబ్. పోయిన సబ్జెక్టుల్లో ఒకటి ప్రోగ్రామింగ్. శుక్రవారం ల్యాబ్ అదే అయితే, కంప్యూటర్ ముందు కూర్చుని చేత్తో చెయ్యాల్సిన గంటలన్నీ రైల్లో గడిచిపోతున్నాయన్నమాట. సోమవారం మొదటి పీరియడ్లు కూడా ఎంతో కొంత పోతూనే ఉంటాయి. హాజరు 75 శాతానికి తగ్గితే పరీక్షకే ఇబ్బంది. వైద్య కారణాలు చూపించి కొంత మినహాయింపు తెచ్చుకోవచ్చు గానీ దానికి విడిగా ఫీజు, సర్టిఫికెట్లు, తిరగడం ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా హాజరు చూస్తారు. అంటే అమ్మ మీద బరువు పడకూడదని అనుకునే పిల్లవి, ఆ బరువు ఇంకాస్త పెరిగే పనే చేస్తున్నావు.

అసలు ఇంటికే వెళ్లొద్దని నేను అనను. రెండు వారాలు ఉండు, మూడో వారం వెళ్లు. అదీ ల్యాబ్ అయ్యాక, సాయంత్రం. అమ్మకి ముందే ఫోన్ చేసి చెప్పు, లేకపోతే ఆమె కంగారు పడుతుంది. మొదటి ఆదివారం చాలా కష్టంగా ఉంటుంది, మధ్యాహ్నం అన్నం తిన్నాక మరీను. ఆ పూట రూమ్‌లో పడుకుని ఫోన్ చూస్తూ ఉంటే మళ్లీ రైలు మీదకే మనసు పోతుంది. అందుకని ముందే ఒక పని పెట్టుకో. లైబ్రరీ తెరిచి ఉంటే అక్కడికి వెళ్లు. లేదంటే ఊళ్లోకి వెళ్లి కోట చూసి, గురజాడ వారి ఇల్లు చూసిరా. ఇన్నాళ్లుగా విజయనగరంలో చదువుతూ నువ్వు చూసింది స్టేషను, ఆటోస్టాండు మాత్రమే అయ్యుంటాయని నా అనుమానం. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం జరిగినప్పుడు కూడా ఇంటికే వెళ్లిపోయి ఉంటావు. వచ్చే ఏడాది మాత్రం రూమ్‌లో అందర్నీ వెంటేసుకుని వెళ్లు. ఆ జనంలో ఎలా నడవాలో, ఎక్కడ నిలబడితే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి సిరిమాను బాగా కనిపిస్తుందో బయటి జిల్లాల పిల్లలకి తెలియదు. మన వైపు పిల్లవి, నువ్వే చూపించాలి.

యాస సంగతి. రూమ్‌మేట్స్ అనుకరించడం ఒకటి, సీనియర్ మెస్‌లో నిలబెట్టడం ఒకటి. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు. రూమ్‌మేట్స్ విషయంలో ముగ్గురి ముందూ కాకుండా, వాళ్లలో కాస్త మెత్తటి మనిషి ఎవరో చూసి ఆమెకి ఒంటరిగా చెప్పు: ‘మీరు సరదాకే అంటున్నారేమో, నాకు మాత్రం ఏడుపొస్తోంది.’ చాలావరకు అక్కడే ఆగిపోతుంది. సీనియర్ చేస్తున్నది మాత్రం ర్యాగింగ్. ఇందులో సందేహం అక్కర్లేదు. యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ. దాని 2009 నిబంధనలకి 2016లో చేసిన సవరణలో భాష, పుట్టిన చోటు, ఉండే చోటు, ఆర్థిక పరిస్థితి ఆధారంగా తోటి విద్యార్థిని శారీరకంగా గానీ మానసికంగా గానీ వేధించడాన్ని కూడా ర్యాగింగ్‌లో చేర్చారు. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. వార్డెన్‌కి తేదీ, సమయం, ఎవరెవరు చూశారు అన్నవి రాసి ఇవ్వు. అది కుదరకపోతే 1800-180-5522 జాతీయ హెల్ప్‌లైన్ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. సీనియర్ జీవితం పాడవుతుందేమోనని జాలిపడే పిల్లల్ని నేను చూశాను. ఫిర్యాదు ఇవ్వగానే కాలేజీ నుంచి తీసేయరు. ముందు విచారిస్తారు, తప్పు ఎంతో దాన్నిబట్టి చర్య ఉంటుంది. ఇదే మాట మీద ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మీ శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని క్యాంపస్‌లో బ్యానర్ కడతారే, అది ఆయన పుట్టినరోజే. ఈసారి ఆ సభకి వెళ్లి, నీకు వచ్చినట్టే మాట్లాడు.

స్నేహాలు దొరకడానికి ఫ్రెషర్స్ పార్టీలు, ఫెస్ట్‌లు పనికొస్తాయని నాకు పెద్ద నమ్మకం లేదు. అక్కడ ఇప్పటికే జట్లుగా ఉన్నవాళ్లు ఇంకా గట్టి జట్లవుతారు. నీలాంటి పిల్లకి వారం వారం ఒకేచోట, అదే మనుషులతో, చేతికి పని ఉండే చోటు కావాలి. నన్నడిగితే ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరు. విద్యార్థులతో సమాజ సేవ చేయించే జాతీయ సేవా పథకం అది, 1969 నుంచి ఉంది. రెండేళ్లలో 240 గంటలు పనిచెయ్యాలి, ఒక ఊళ్లో ఏడు రోజుల క్యాంపు ఉంటుంది. సర్టిఫికెట్ కోసం చెప్పడం లేదు. ఆ క్యాంపు ఏ నెల్లిమర్ల వైపో, గజపతినగరం వైపో ఒక పల్లెలో పెడతారు. అక్కడ ఇంటింటికీ తిరిగి సర్వే చెయ్యాల్సి వస్తే, అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చెప్పేది సగం అర్థం కాక మిగతా పిల్లలు నీ వైపు చూస్తారు. నిన్ను అనుకరించే పిల్లలు కూడా ఆ బృందంలో ఉంటే మరీ మంచిది. ఎన్‌ఎస్‌ఎస్ నీకు సరిపడదనుకుంటే హాస్టల్ మెస్ కమిటీలో పేరివ్వు. కూరగాయల లెక్కలు చూడటానికి ఎవరూ ముందుకి రారు కాబట్టి వెంటనే తీసుకుంటారు, నెల తిరిగేసరికి బ్లాకులో అందరికీ నీ పేరు తెలుస్తుంది.

చదువు గురించి కొంచెం. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోవడం తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లలో మామూలే. సప్లిమెంటరీ ఉంటుంది, నోటిఫికేషన్ తేదీ చూసుకుంటూ ఉండు. సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్లు ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాలు కొన్ని తెలుగులో తెచ్చి ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా పెట్టారు. మీ సిలబస్‌తో అక్షరం అక్షరం కలవకపోవచ్చు. ముందు తెలుగులో విషయం అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లిష్ పుస్తకం తెరువు. మీ క్లాసులో కొంతమందికి ఒకరు చొప్పున మెంటర్‌ని ఇచ్చే ఉంటారు, ఆ లెక్చరర్ దగ్గరికి సంతకానికి తప్ప వెళ్లి ఉండవు. ‘సార్, నాకేం అర్థం కావట్లేదు’ అని వెళ్తే ఆయన ‘బాగా చదువమ్మా’ అని పంపించేస్తాడు. ఫలానా లెక్క ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది అని నోట్సు తెరిచి చూపించు. పని జరుగుతుంది.

ఫీజు దగ్గరికి వద్దాం. రీయింబర్స్‌మెంట్ ఆలస్యానికి నువ్వు బాధ్యురాలివి కాదు. కాకపోతే ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడితే ప్రతిసారీ తిట్లే మిగులుతాయి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ జ్ఞానభూమిలో నీ దరఖాస్తు స్థితి చూసి ప్రింట్ తీసుకో. కాలేజీ దగ్గరే ఆగితే స్కాలర్‌షిప్ క్లర్కుని అడగాలి. ఊళ్లో వెరిఫికేషన్ దగ్గర ఆగితే మీ గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ ఉంటారు, అమ్మని అక్కడికి పంపించు. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ అయ్యిందో లేదో కూడా చూసుకోవాలి. ఆ చిన్న పని దగ్గర ఆగిపోయిన డబ్బులు చాలా ఉంటాయి. అన్నీ సరిగా ఉండి ప్రభుత్వం విడుదల చెయ్యాల్సిందే మిగిలితే, ఆ ప్రింట్ జత చేసి ప్రిన్సిపాల్ పేరు మీద గడువు కోరుతూ దరఖాస్తు రాయి. రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకో. ‘కాపీ ఎందుకమ్మా, మేం చూసుకుంటాం’ అంటారు. నవ్వుతూనే వేయించుకో. నోటిమాటగా ‘పరీక్ష రాయనివ్వం’ అని గట్టిగా అనేవాళ్లు, అదే మాట కాగితం మీద రాసివ్వమంటే స్వరం తగ్గిస్తారు.

అక్కడా తేలకపోతే, యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందాక వీలైనంతవరకు 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. తృప్తి కలగకపోతే విద్యార్థుల అప్పీళ్లు వినే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఒక్కదానివే వెళ్లొద్దు. రీయింబర్స్‌మెంట్ ఆగినవాళ్లు మీ క్లాసులోనే ఇంకో పదిమంది ఉంటారు, అందరూ కలిసి సంతకాలు పెట్టి ఇవ్వండి.

టీసీ తీసుకోవాలా వద్దా అని కదా అడిగావు. ఇప్పుడు వద్దు. పలాసలో డిగ్రీ చదవడం తక్కువ పని అని కాదు, ఆ చదువుతో బాగుపడ్డవాళ్లు ఎంతోమంది. నువ్వు ఇంకా క్యాంపస్‌లో ఉండి చూడలేదు, వారాంతాలు లేకుండా చూశావు, అదీ నిద్ర లేని కళ్లతో. ఈ సెమిస్టర్ పరీక్షలు రాయి. కౌన్సెలర్‌ని కలువు, రెండు మూడు ఆదివారాలు అక్కడే గడుపు. అప్పటికీ వద్దనే అనిపిస్తే మానేయడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అప్పుడు మాత్రం టీసీకి దరఖాస్తు పెట్టకముందే మూడు విషయాలు కనుక్కో: మధ్యలో మానేస్తే ఎంత కట్టాలంటారు, ఇప్పటిదాకా వచ్చిన స్కాలర్‌షిప్ సంగతేంటి, కొత్త కోర్సులో మళ్లీ రీయింబర్స్‌మెంట్ వస్తుందా. మూడోది సచివాలయంలో అడుగు, చేరబోయే కాలేజీ వాళ్ల మాట నమ్మకు. ‘మిగతా సంవత్సరాల ఫీజు కడితేనే ఒరిజినల్స్ ఇస్తాం’ అని ఎవరైనా అంటే, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని ప్రింట్ తీసి చేతిలో పట్టుకుని వెళ్లు, నాన్న ఊళ్లో ఉన్న రోజు చూసుకుని ఆయన్ని కూడా తీసుకెళ్లు.